డకోటా తెచ్చిన పాలపొడి

పాత డకోటా విమానాన్ని బాగుచేసి మళ్ళీ ఎగరేసిన వీడియో ఒకటి నిన్న ఫోన్లో చూశాను. ఆ రెండు పంకాల మోత వినగానే వీడియో ఆపి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మన పెదబయలు వాళ్ళకి ఆ మోత గుర్తుందా?

నా చిన్నప్పుడు ఒక ఏడు తుఫానుకి ఘాట్ రోడ్డు కొట్టుకుపోయింది. నాన్న కొట్లో కిరసనాయిలు వాసన తప్ప సరుకేమీ మిగల్లేదు. అమ్మకి జ్వరం. పాలు చాలక, ఏడ్చి ఏడ్చి చంటి తమ్ముడి గొంతు బొంగురుపోయింది. అలాంటి పొద్దున వినిపించింది ఆ మోత. మబ్బుల్లోంచి, రెండు కొండల నడుమ నుంచి, సంత జరిగే బయలు మీదికి అంత పెద్ద విమానం చెట్ల ఎత్తుకి దిగొచ్చింది.

"ఓలే గుంటా, బేగి లోనికి రా! మీద పడిపోద్ది!" అని నాయనమ్మ అరిచింది. నేను వాకిట్లోనే నిలబడి తల పైకెత్తి చూశాను. ఎగురుతున్న విమానం తెరిచిన తలుపు దగ్గర ఒకాయన నిలబడి మూటలు కిందికి తోస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి కూడా ఊపాడు!

బియ్యం మూటలతో పాటు గోనెల్లో చుట్టిన పాలపొడి డబ్బాలు దొరికాయి. ఆ పాలు తాగి తమ్ముడు నిద్రపోయాడు.

"ఏటి నాన్నా అది?" అని అడిగాను.

"డకోటా అంటారమ్మా. నేను పుట్టకముందు యుద్ధంలో సిపాయిల్ని మోసిందంట. ఇప్పుడు మన గుంటడికి పాలు మోసుకొచ్చింది" అంటూ నాన్న, అప్పటికే ఖాళీ అయిన ఆకాశానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.