రెండో తలుపు

సెల్వరాణికి నమ్మకం పోయిందని, ప్రార్థన కూటంలోనే దేవుడి మీద అరిచిందని కోవిల్‌పట్టిలో మా వీధంతా చెప్పుకుంటోంది. అగ్గిపెట్టెల షెడ్డులో పుల్లలు నింపడం ఆమె పని. చూడకుండానే పిడికెడు పుల్లలు తీస్తుంది, అవి పెట్టెకు సరిగ్గా సరిపోతాయి. నింపుతున్నంతసేపూ పెదవులు కదులుతుంటాయి, అది ప్రార్థన. వాకిటి పక్కన చోటు దొరికితే కడుపుతో ఉన్న సంగవిని కూర్చోబెట్టి, తాను లోపలి గోడ దగ్గరికి పోతుంది. మూడేళ్ల కిందట అదే షెడ్డులో మంట లేచింది. ఉన్న ఒక్క వాకిటి దగ్గర తొక్కిసలాటలో ఆమె చెల్లెలు చనిపోయింది. రెండో తలుపు పెట్టిస్తానని షెడ్డు యజమాని ఆ పిల్ల సమాధి దగ్గర నిలబడి మాట ఇచ్చాడు. ఆ షెడ్డు మేనేజరు జ్ఞానముత్తే మా కూటానికి పెద్ద. మొన్న ఆదివారం సెల్వరాణి తలుపు సంగతి అడిగితే ఆయన బైబిలు మూసి, "తొందర పడొద్దమ్మా, దేవుడి వేళ రావాల" అన్నాడు.

సెల్వరాణి లేచింది. "నా చెల్లిని మళ్లీ చూపిస్తానన్నాడు దేవుడు. ఆ వేళకి చచ్చేదాకా కాచుకుంటా. తలుపు పెట్టేది మేస్త్రి పని. మీ సోంబేరితనం ఆయన తల మీద ఎందుకేస్తారు?"

"బాగా అడిగినావక్కా!" అంది వెనక నుంచి సంగవి. జ్ఞానముత్తు గబగబా పాట ఎత్తుకున్నాడు. సెల్వరాణి కూర్చుని, అందరికంటే గట్టిగా పాడింది.

వీధిలో ఎవరూ చెప్పుకోనిది ఒకటుంది. షెడ్డుకు ఇప్పటికీ ఒకటే తలుపు.