సునీత బాల్కనీ కంటే తెల్లగా

గురుగ్రామ్‌లో మా ఎదుటి ఫ్లాట్‌ మన తెలుగమ్మాయి సునీతది. ఆమె ప్రెషర్ వాషర్‌తో కడిగిన బాల్కనీని మావారు తెగ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. అంతకన్నా పెద్ద మిషన్ కొని, మొదటిరోజే కాఫీకని ఆమెనూ, పక్కింటి పంజాబీ ఆంటీనీ పిలిచాను.

స్విచ్ వేసి గన్ నొక్కాను. మిషన్ రంకెలు వేసింది గానీ, నీళ్లు సన్నగా కారి నా కాళ్ల మీదే పడ్డాయి.

"బేటీ, ఇస్ సే తో మేరా మగ్ అచ్ఛా!" అని, దీనికంటే తన మగ్గే నయమంటూ ఆంటీ పకపకా నవ్వింది.

నాజిల్ ఊదాను, పిన్నీసుతో పొడిచాను. ధార పెరగలేదు. సునీత నేరుగా కుళాయి దగ్గరికెళ్లి పైపు లాగింది. ఇసుక రాకుండా అమ్మ నేర్పిన పద్ధతిలో నేను కుళాయికి కట్టిన గుడ్డ, బురదతో గట్టిపడి కనిపించింది.

"వదినా, మిషన్‌లోనే ఇసుకను ఆపే జాలీ ఉంటుంది కదా! ఈ గుడ్డ మీదే పైపు బిగిస్తే నీళ్లెలా వస్తాయి?"

ఆమె గుడ్డ తీసి పైపు పెట్టగానే ధార గోడకు తగిలి హోరెత్తింది. మావారు చప్పట్లు కొట్టారు. నాకు కాదు, ఆమెకు!

ఇప్పుడు మా బాల్కనీ ఆమెదానికంటే తెల్లగా ఉంటుంది. వచ్చిన వాళ్లందరితో మావారు "అంతా సునీతగారి చలవే" అంటారు. ప్రతి ఆదివారం నడుం విరిగేలా కడిగేది మాత్రం నేను.