జల్లెడ నీడ

ఖర్సు గుట్టలో పట్టపగలు బయటికి వచ్చేవాళ్ళు ముందు తల ఎత్తి ఆకాశం చూసుకుంటారు. ఉప్పుగాలి వస్తోందేమోనని కాదు, హుర్వే ఎగురుతోందేమోనని.

ఆవిడ కంట పడ్డామా, అంతే సంగతులు. కాలిలో ముల్లు తీసుకుందామని వంగితే చాలు, పైనుంచి దభీమని దిగి, రెండు రెక్కలూ బార్లా విప్పి మన నెత్తిన పట్టేసేది. "ఎండలో నిలబడ్డావేం నాయనా, కూర్చో, కూర్చో" అనేది. వద్దనడానికి నోరు తెరిచేలోపే మనం ఆవిడ నీడన ఉన్నట్టు లెక్క. ఒకసారి ఉన్నాక ఇక చేసేదేముంది, రేపు ఆవిడ పోయిన రోజున గుట్ట కింది ఉప్పుపర్రలోకి వెళ్ళి, శవం మీద రెక్క పట్టి, మన వంతు నిలబడాల్సిందే. దాన్ని తప్పించుకున్నవాడు మా జాతిలో ఇంతవరకూ పుట్టలేదు.

అలా నిలబడేవాళ్ళు ఎంతమంది ఉంటే పోయిన మనిషి పేరు అంతకాలం నోళ్ళలో నానుతుంది. ఒక్కరూ లేకపోతే మర్నాటి నుంచి ఆ పేరు ఎవరూ ఎత్తరు, ఇంట్లోవాళ్ళు కూడా. అందుకని నీడ పట్టాలని అందరికీ ఉంటుంది, ఇంకొకరి నీడన కూర్చోవాలని ఎవరికీ ఉండదు. అయినా దేనికైనా ఒక మర్యాద ఉంటుంది కదా. ఎదుటి మనిషి ఎండకి తూలుతున్నాడో లేదో చూసుకుని పడతారు ఎవరైనా. హుర్వేకి ఆ చూసుకోవడం అనేది లేదు. అంత పెద్ద రెక్కలతో పైకి లేవాలంటే మంచి గాలి కావాలి గానీ, కిందికి దిగడానికి ఎవరో ఒక మనిషి కనపడితే చాలు.

ఓసారి ఎముక సూదులు అమ్ముకునే మనిషొకడు అవతలి గుట్టల నుంచి వచ్చాడు. గుట్ట మొహాన మేముండే అరుగుల్లో ఒకదాని మీద వాలి మూట ఇంకా దింపనే లేదు, నెత్తిన నీడ పడింది.

"అమ్మా, మాది ఎక్కడో చివర. గాలి కుదరాలి, రావాలి. మీరు పోయినప్పుడు నేనెలా వచ్చేది?" అని లబోదిబోమన్నాడు.

"కబురు పెడతాంలే" అంది హుర్వే.

"మీరు పోయాక మీరెలా పెడతారమ్మా?"

"మా ఆయన పెడతాడు. ఆయనకి వేరే పనేముంది?"

ఇవ్వడంలో ఇంత దూకుడు మనిషి, పుచ్చుకోవడం దగ్గరికొచ్చేసరికి బండరాయి. పసితనంలో తల్లి పట్టిన నీడ లెక్కలోకి రాదు కాబట్టి, హుర్వే ఏనాడూ ఎవరి నీడనా కూర్చోలేదనే చెప్పాలి. ఒక ఏడు ఉప్పు తవ్వడానికి అందరూ పర్రలోకి వెళ్ళినప్పుడు ఉన్నట్టుండి గాలి పడిపోయింది. ఎగిరే దారి లేదు. జంటపొద్దు వేళ, పెద్దపొద్దు, చిన్నపొద్దు రెండూ నడినెత్తిన నిలబడ్డాయి. జనం వంతులేసుకుని ఒకరికొకరు నీడ పట్టుకున్నారు. హుర్వే అందరికీ పట్టింది. తన వంతు వచ్చేసరికి "నాకేం ఎండ తగలట్లేదు" అంది. అప్పటికే ముక్కు మీది తోలు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని అవతల పారేసి మళ్ళీ అదే మాట అంది.

ఆవిడ మొగుడు తోషక్ మంచువలలు అల్లేవాడు. సందెవేళ గుట్ట మొహానికి కట్టి, తెల్లారి తడి పిండుకుంటామే, ఆ వలలు. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన కొత్తలో పాపం ముచ్చటపడి ఆమె మీద రెక్క పట్టబోయాడు. "దింపు, మళ్ళీ భుజం నొప్పంటావు" అంది హుర్వే. దింపాడు. ఆ తర్వాత కూడా ఎత్తాడు గానీ ప్రతిసారీ ఆ భుజం సంగతే వచ్చేది. తోషక్‌కి భుజం నొప్పి ఎప్పుడూ లేదు.

వాళ్ళ కింది అరుగులో ఇల్జే ఉండేది. హుర్వే, ఇల్జే ఒకే గాలికి ఈ గుట్టకి కోడళ్ళుగా వచ్చారు. వచ్చిన మరుసటేడే ఇల్జే ఉప్పుగాలిలో చిక్కుకుంది. ప్రాణం దక్కింది గానీ రెక్కల తోలు నిండా కంతలు పడ్డాయి. బల్లినరంతో తనే కుట్టుకుంది. కుట్టిన చోటల్లా పక్కన ఇంకో కంత పడింది. జల్లెడ ఇల్జే అని పేరు స్థిరపడిపోయింది. ఆ నీడన కూర్చున్నవాడు మొగుడొక్కడే, అతను ఆమె కంటే ముందే పోయాడు.

ఎవరైనా ఎండన కనపడితే ఇల్జే కూడా రెక్క విప్పుకుని ఆశగా వెళ్ళేది. "పర్లేదు ఇల్జక్కా, ఇప్పుడే లోపలికి పోతున్నా" అనేవారు. జల్లెడ కింద కూర్చుంటే దొరికే చల్లదనం అరకొర, నిలబడాల్సింది మాత్రం నిండుగా. మా జనం ఇలాంటి విషయాల్లో చాలా తెలివైనవాళ్ళు.

అలాంటి ఇల్జేకి ఉప్పుదగ్గు పట్టుకుంది. ఒక పొద్దున హుర్వే పెనం మీద ఉప్పుపురుగులు వేయిస్తుంటే, తోషక్ పక్కన కూర్చుని వల అల్లుతుంటే, ఇల్జే రాళ్ళు పట్టుకుని పాక్కుంటూ వాళ్ళ అరుగు ఎక్కింది.

"అదేమిటే, అలా పాకుతూ వచ్చావు. కేకేస్తే నేనే దిగేదాన్నిగా" అంది హుర్వే.

"కేకెయ్యడానికి ఊపిరేదే?" ఇల్జే గోడకి ఆనుకుని దగ్గు తగ్గేదాకా ఆగింది. "వైద్యురాలు చూసింది. కొత్తగాలి మొదలయ్యేదాకా నేను ఉండనంది."

"దాని మొహం. దానికేం తెలుసు? ఇవిగో, వేడివేడిగా తిను."

"తింటాను గానీ, ఒక మాట. ఒక్కసారి నా రెక్క కింద కూర్చోవే."

హుర్వే పురుగుల్ని అటూ ఇటూ తిప్పింది. మాడిపోయినవాటిని కూడా తిప్పింది.

"నేనెవరి కిందా కూర్చోనని తెలుసుగా. ఇంకెవరినైనా అడుగు."

"అందరినీ అడిగాను. నాకు ఇంకెవరూ లేరు కదా, వంతుకి రెండో మనిషి ఉండదు. పెద్దపొద్దు పొడిచింది మొదలు చిన్నపొద్దు గుంకేదాకా ఒక్కరే రెక్క దింపకుండా పట్టాలి. భయపడుతున్నారు. ఈ గుట్టలో అంత రెక్క నీకు తప్ప ఎవరికుంది?"

"పొగిడితే కరిగిపోతాననుకున్నావా?"

"ఉన్నమాటేగా. పోనీ, తిట్టనా?"

"తిట్టు."

"నీ అంత పిసినారి ఇంకొకతి లేదే."

హుర్వే చేతిలో గరిటె ఆగిపోయింది. గుట్టలో జనం తనని చాలా అనేవాళ్ళు. పిసినారి అని మాత్రం ఎవరూ అనలేదు.

"నేనా?"

"నువ్వే. ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోవు. నా సంగతి సరే, పోయేదాన్ని. అదిగో, ఆ మనిషి సంగతేమిటి? ఈ గుట్టలో ఎవరు ఎండన కనపడినా ఆయన ఒక రెక్క విప్పేలోపు నువ్వు రెండూ విప్పేస్తావు. పోనీ నువ్వు కూర్చుంటావా అంటే అదీ లేదు. రేపు ఆయన పోతే నిలబడేదెవరే?"

తోషక్ వల మీంచి తల ఎత్తలేదు. ముడి వేసిన చోటే మళ్ళీ ముడి వేశాడు.

"మా ఇంటి సంగతి నీకెందుకు? తింటే తిను, లేకపోతే పో" అంది హుర్వే.

ఇల్జే తినే వెళ్ళింది.

ఆ పూట హుర్వే ఎవరి నెత్తినా దిగలేదు. జనం ఆకాశం చూసుకుని, ఎంతకీ ఏమీ పడకపోయేసరికి కంగారుపడి, ఒంట్లో బాగోలేదేమోనని తోషక్‌ని ఆరా తీశారు. బానే ఉందన్నాడాయన.

సాయంత్రం తిండి దగ్గర హుర్వే అడిగింది, "నువ్వేమైనా చెప్పావా దానికి?"

"ఏం చెప్పాను?"

"అదే. నువ్వు పోతే ఎవరూ లేరని."

"నేను చెప్పడమెందుకు? చూసేవాళ్ళకి కనపడదా?"

"ఇంతకీ నీకు ఎంతమంది ఉన్నారు?"

తోషక్ పాచిరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రాతిపాచితో చేసిన రొట్టె నమలడానికి చాలాసేపు పడుతుంది. ఆయన పూర్తిగా నమిలి మింగాడు.

"ఒక ముసలాయన ఉండేవాడు. నువ్వు పుట్టింటికి వెళ్ళినప్పుడు పట్టాను."

"ఎక్కడున్నాడు?"

"పోయాడు."

హుర్వే రొట్టె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళుగా ఊరందరినీ తన రెక్కల కింద పోగేసుకుంటూ, ఇంట్లో మనిషికి ఒక్కరంటే ఒక్కరిని మిగల్చలేదని ఆ క్షణం దాకా ఆమెకి తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గుపడటం అలవాటు లేని మనిషి కావడంతో అది కోపమనుకుని కాసేపు గిన్నెల మీద చూపించింది.

"నాతో చెప్పొచ్చుగా" అంది గిన్నెలయ్యాక.

"ఏం చెప్పను? రెక్క ఎత్తితే దింపమంటావు."

అయితే ఇప్పుడు ఎత్తు, అనొచ్చు. కానీ అలాంటి మాట ఆ నోట ఎప్పుడూ రాలేదు, ఎలా అనాలో కూడా తెలియలేదు. తోషక్ చెయ్యి తుడుచుకోవడానికి తడిగుడ్డ కోసం వెతుక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు జంటపొద్దు వేళ హుర్వే కింది అరుగు మీద దిగింది.

"వచ్చాను. తొందరగా కానివ్వు" అంది.

ఇల్జే గోడ పట్టుకుని లేచి, ఎండలోకి వచ్చి, రెక్క విప్పింది. హుర్వే దాని కింద గొంతుక్కూర్చుంది. కూర్చోగానే ఆమె రెక్కలు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ముడుచుకోవే, నన్ను తోసేస్తున్నావు."

"అలవాటు."

"రెక్కలు ముడుచుకుని, తల దించుకుని, నోరు మూసుకుని కూర్చోవాలి. అంతే. పసిపిల్లలు కూర్చుంటారు, నీకేం రోగం?"

హుర్వే ముడుచుకుంది. కంతల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మోకాళ్ళ మీద, చేతుల మీద పడుతోంది. చుక్కకీ చుక్కకీ మధ్య మాత్రం చల్లగా ఉంది. ఎగరడం నేర్చిన నాటి నుంచి కాలుతూనే ఉన్న మెడ మీద కూడా చల్లగా ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. తను ఇంతకాలం అందరి నెత్తినా పట్టింది ఇదన్నమాట. కింద ఎలా ఉందని ఏ ఒక్కరినీ ఎప్పుడూ అడగలేదు.

"ఎలా ఉందే?" అంది ఇల్జే.

"బానే ఉంది."

"కంతలున్నాయి మరి."

"ఉంటే ఉన్నాయి. ఇంకాసేపు పట్టగలవా?"

మొగుడు పోయాక ఇల్జేని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. దగ్గుతూ, ఊగుతూ, హుర్వే తనంతట తను లేచేదాకా పట్టింది. పై అరుగుల్లోంచి తలలు బయటికొచ్చి చూశాయి. చూడటం మంచిదే, తర్వాత ఎవరూ కాదనడానికి ఉండదు.

కొత్తగాలి రాకముందే ఇల్జే పోయింది. చెప్పింది చెప్పినట్టు జరిగినందుకు హుర్వే వైద్యురాలితో మాట్లాడటం మానేసింది.

తెల్లవారుజామున శవాన్ని పర్రలో దింపారు. పెద్దపొద్దు పొడవగానే హుర్వే రెక్కలు విప్పి మీద పట్టింది. మిగతావాళ్ళు అరుగుల మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఇల్జే నీడన కూర్చోనివాళ్ళు ఆమె మీద రెక్క పట్టకూడదు, అది అబద్ధపు నీడ అవుతుంది. హుర్వే ఒక్కసారి రెక్క దింపిందంటే అక్కడితో సరి, ఇల్జే పేరు ఇక లేనట్టే.

పొద్దున బాగానే గడిచింది. జంటపొద్దు అయ్యేసరికి రెక్కల కొసలు వణకడం గుట్ట మీది నుంచి కూడా కనపడింది. తర్వాత మోకాళ్ళు. ఎంత రెక్కలున్నా వయసు వయసే. నీడ పట్టే మనిషికి ఇంకొకరు నీడ పట్టొచ్చు, దానికి అడ్డు లేదు. గుట్ట గుట్టంతా ఆవిడ నీడన కూర్చున్నవాళ్ళే. అయినా ఒక్కరూ కదల్లేదు.

"వెళ్దామా?" అన్నారెవరో.

"వెళ్తే తిడుతుంది. తిట్టే ఊపులో రెక్క దించేసిందంటే ఆ పాపం మనకి."

అదీ నిజమేనని అందరూ కూర్చున్నారు.

తోషక్ అల్లుతున్న వల పక్కన పెట్టాడు. అరుగు అంచు నుంచి జారి, పర్ర మీదుగా వెళ్ళి, భార్య వెనకాల వాలాడు. రెక్క విప్పి ఆమె తల మీద పట్టాడు. అరుగుల మీద పాచిరొట్టె నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు.

హుర్వే మెడ తిప్పి చూసింది.

"ఎవరు పిలిచారు నిన్ను?"

"ఎవరూ పిలవలేదు."

హుర్వే మళ్ళీ ముందుకు తిరిగింది. రెక్కలు వణుకుతూనే ఉన్నాయి. తోషక్ కూడా దింపలేదు.

"చెవి మీద ఎండ పడుతోంది" అంది హుర్వే. "కాస్త ఇటు జరుగు."

తోషక్ జరిగాడు. నీడ ఆమె తల మీద, మెడ మీద, రెండు భుజాల మీద నిండుగా పడింది. హుర్వే కళ్ళు మూసుకుని, పట్టు సర్దుకుని, కిందికి జారిన రెక్కని మళ్ళీ పైకెత్తింది.

"ఇక నీకు నేనున్నాను" అంది వెనక్కి తిరక్కుండానే. "ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పో."

"తొందరేం లేదులే" అన్నాడు తోషక్. "ముందు చిన్నపొద్దు గుంకనీ."