నాలుగో నాడా

నా చిన్నప్పుడు మా నాన్న పడవ కొన్న రోజున ఇంట్లో పండగ జరగాల్సింది పోయి, మా నాయనమ్మ అన్నం ముట్టకుండా గోడకు చేరగిలబడి కూర్చుంది. నిజానికి అది మాకు కొత్త పడవ కాదు. మా తాతయ్య చేయించినదే, చేతులు మారి మారి మళ్ళీ మా గుమ్మం ముందుకొచ్చింది. మేము అప్పట్లో కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనుండేది గుంటూరులో, మిరపకాయల ఘాటుకు రోజూ తుమ్ములు తప్పని వీధిలో. అయినా వానకు ముందు గాలి మారిందంటే, ఈ వయసులో కూడా నాకు మొదట ఆ పడవకు పూసిన తారు వాసనే వస్తుంది.

ఆ పడవ పుట్టుక గురించి నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. టేకు పలకలు, లోపల నల్లతుమ్మ వంపు కర్రలు, ఒకే ఒక్క తెరచాప. పలకల సందుల్లో కూరడానికి మంచి దూది కావాలని తాతయ్య పత్తి చేల ఊళ్ళ మీదికి వెళ్ళి మూటగట్టి మోసుకొచ్చాడట. ఆ దూదిని నూనెలో తడిపి, వత్తులు చేసి, ఉలితో సందుల్లోకి దిగ్గొట్టి, పైన గుగ్గిలం కాచి పూసేవాడట. ఏటా వేసవిలో పడవను ఒడ్డుకు లాగి, పాత దూది పీకి కొత్తది పెట్టేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు. తనకు చేయని సేవంతా దానికి చేశాడని, ఆయన పోయి ఇన్నేళ్ళయినా నాయనమ్మ మూతి తిప్పుకునేది.

తాతయ్యను సముద్రం తీసుకుపోలేదు. ఒడ్డు మీదే, జ్వరంతో పోయాడు. నాన్న అప్పటికి చిన్నవాడు కాబట్టి పడవను పక్క ఊరి మనిషికి అమ్మేశారు. కొన్నాళ్ళకు అది అలల్లో కొట్టుకుంటూ సగం నీళ్ళతో ఒడ్డుకొచ్చింది. కొన్న మనిషి మాత్రం రాలేదు. తర్వాత ఇంకొకాయన చేతికి వెళ్ళింది. ఆయన నడిసముద్రంలో నీళ్ళు తోడుకుంటూ తోడుకుంటూ ఎలాగో బతికి బయటపడి, తెరచాప విప్పేసి, పడవను ఇసుకలో బోర్లించి మళ్ళీ దాని మొహం చూడలేదు. ఊరంతా దాన్ని మింగుడు పడవ అనేవాళ్ళు. పిల్లలం ఆడుకుంటూ కూడా దాని నీడ తొక్కేవాళ్ళం కాదు. చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ళు దానికి దూరంగా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు.

అలాంటిదాన్ని మా నాన్న మీసం మెలేస్తూ కొనుక్కొచ్చాడు. "మా నాయన చేయించిన పడవ ఇసకలో పడుండి పుచ్చిపోతా ఉంటే నేను చూస్తా కూచోవాలా?" అన్నాడు. నిగనిగలాడేట్టు కొత్త తారు పూయించి, వెల్లకిలా తిప్పించాడు. ఎల్లుండి తెల్లారి గంగమ్మకు మొక్కి నీళ్ళలోకి దించుతానన్నాడు. అమ్మ ఏడ్చింది, అలిగింది, నన్నూ తమ్ముణ్ణీ ఆయన ముందు నిలబెట్టింది. లాభం లేకపోయేసరికి, ఒంగోలు వెళ్ళి జట్కాల వాళ్ళ దగ్గర ఒక గుర్రపు నాడా తెచ్చింది. పడవ ముక్కుకు కొడితే దాని పీడ పోతుందని.

ఆ ముక్కు మీద అప్పటికే మూడు నాడాలున్నాయి, ఒకదాని కింద ఒకటి. చేతులు మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి కొట్టించారు. పాతది పీకడం అరిష్టమని ఎవ్వరూ పీకలేదు, తారు పూసినప్పుడు వాటి మీదుగానే పూశారు. అన్నిటికన్నా పైనున్న మొదటిదాన్ని కొట్టించింది మా నాయనమ్మే, పడవ కొత్తగా దిగిన రోజున.

నాన్న సుత్తి పట్టుకుని, నేను గుప్పిట్లో మేకులు పట్టుకుని నిలబడ్డాం. అప్పుడొచ్చింది నాయనమ్మ. నాడాల కింద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను. అక్కడ ఏదో తేడా ఉందని నాకూ తెలిసింది. ఉందని నాన్నతో అంటే మాత్రం పని చెడుతుంది. ఆయన వద్దన్న పనే ముందు చేసే రకం, పడవకు వంక పెడితే ఆ పూటే దించేవాడు. నాయనమ్మకు కన్నకొడుకు సంగతి తెలియదా?

"ఒరేయ్, ఆగు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకి తలంటు పొయ్యకుండా అలంకారం చేస్తారంట్రా ఎవరన్నా? ముందు దీనికి నీళ్ళు పొయ్యాల."

"సముద్రంలోకి పొయ్యేదానికి ఇక్కడ నీళ్ళేందమ్మా, చాదస్తం కాకపోతే?"

"బయట సముద్రం పోస్తుందిలే. లోపల మనం పొయ్యాల."

ఆడబిడ్డ అనేసరికి నాన్న సుత్తి పక్కన పెట్టేశాడు. పడవ ముక్కు కింద ఇసుక తవ్వించి, అటు వైపు వాలేలా చేయించింది నాయనమ్మ. వీధి ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ఎవరూ నవ్వడం లేదు, పాట లేదు. నీళ్ళు పోసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. లోపల, ముక్కు దగ్గర నీళ్ళు నల్లగా చేరుతున్నాయి. బయట చుక్క కూడా లేదు. నాన్న బీడీ ముట్టించుకుని, అయిందా నీ తలంటు అన్నట్టు చూశాడు. నాయనమ్మ కదల్లేదు. గాలి పూర్తిగా పడిపోయింది. అంత సముద్రం పక్కనున్నా ఆకు కదలని చోట నిలబడితే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది నాకు.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాడాల కింద తారు మెల్లగా అప్పడంలా ఉబ్బింది. అందరం అటే చూస్తున్నాం. అది పగిలింది. లోపల్నుంచి వచ్చినవి మేము పోసిన నీళ్ళు కావు. తుప్పు రంగులో, చచ్చిన చేప వాసనతో, చిక్కగా కారాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నాయనమ్మ నా గుప్పిట్లోంచి ఒక మేకు తీసి, నాడా పక్కన చెక్క మీద నిలబెట్టి, నా బొటనవేలు దాని తల మీద పెట్టించింది. "నొక్కవే" అంది. సుత్తి లేదు, ఏమీ లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల వేలు నొక్కితే మేకు తలదాకా దిగిపోయింది. నాన్న బీడీ పారేసి ముక్కు దగ్గరికి వచ్చాడు.

నాడాలు పీకడానికి పటకారు అక్కర్లేకపోయింది, చేత్తో లాగితే వచ్చేశాయి. వాటి వెనక టేకు తడిసిన బెల్లంలా రాలింది. మేకులు పడ్డ రంధ్రాల్లోంచి ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగి తాగి, ముక్కు దగ్గర పలకలన్నీ లోపల్లోపలే గుల్లయిపోయాయి. ఒడ్డున ఉన్నంతసేపు తారు కాచింది. అలకు ఎదురెళ్ళి ముక్కు గుద్దుకున్నప్పుడు పలకలు నోరు తెరిచి ఉంటాయి. పడవను కాపాడమని కొట్టిన ఇనుమే దాన్ని తినేసింది. అది పాడైనకొద్దీ భయం పెరిగింది, భయం పెరిగినకొద్దీ ఇంకో నాడా పడింది.

మర్నాడు తెల్లారి సముద్రం అద్దంలా ఉంది. వెళ్ళిన పడవలన్నీ నిండా చేపలతో తిరిగొచ్చాయి. ముసలమ్మ చాదస్తానికి మంచి వేట పోయిందని నాన్నను ఆటపట్టించారు కూడా. ఆయన ఆ పలకల పొడిని గుప్పెడు తెచ్చి గూట్లో పెట్టుకుని, ఆ రోజంతా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పక్క ఊరికి నడిపించుకుపోయింది, ఆ తిరిగిరాని మనిషి ఇంటికి. దారంతా నా వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. ఆయన భార్య వాకిట్లో ఎండుచేపలు ఏరుకుంటోంది. నాయనమ్మ ఆమె ఎదురుగా నేల మీద కూలబడింది.

"మొదటి మేకు నాదేనమ్మాయ్. పుచ్చు అక్కడే పుట్టింది. నీ మొగుణ్ణి పడవ మింగలా, నా భయం మింగింది."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. తిడుతుందనీ, జుట్టు పట్టుకుంటుందనీ నేను నాయనమ్మ వెనక్కి జరిగాను. ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"రెండోది నేను కొట్టించా పెద్దమ్మా. ఆయన వద్దంటానే ఉన్నాడు. చెక్క నొప్పి పడుద్దే అన్నాడు."

చీకటి పడుతున్నా ఎవరూ దీపం పెట్టలేదు. ముందురోజు పడిపోయిన గాలి తూర్పు నుంచి లేచింది, సముద్రం హోరు వాకిట్లోకి వచ్చేసింది. నాకు దాహం వేస్తున్నా అడగడానికి ధైర్యం చాలలేదు.

నాన్న ముక్కు పలకలన్నీ మార్పించాడు. తాతయ్యలాగే దూది తెప్పించి, నూనెలో తడిపి సందులు కూరించాడు, వత్తులు చేసింది నేనే. ఆ పడవ మమ్మల్ని చాలా ఏళ్ళు పోషించింది. మర పడవలొచ్చాక అమ్మాల్సి వస్తే, కొనేవాడి చెయ్యి పట్టుకుని మార్చిన పలకలన్నీ తడిమించి, ఇక్కడ పుచ్చింది, ఇక్కడ అతికాం అని నాయనమ్మ చెప్పి మరీ పంపింది.

కొట్టకుండా మిగిలిపోయిన ఆ నాలుగో నాడా ఇప్పటికీ నా దగ్గరే ఉంది, బట్టల పెట్టె అడుగున. మొన్న మా అబ్బాయి కారు కొంటే కోడలు నిమ్మకాయా మిరపకాయలూ కట్టబోయింది. బ్రేకులు చూపించారా అని అడిగాను. అత్తయ్యకు అన్నిట్లో అనుమానమే అని నవ్వింది. నవ్వనీ. నాకు భయం లేదనుకుంటుంది కాబోలు. మనవడికి జ్వరం వచ్చినా, పిల్లలు ఇంటికి రావడం ఆలస్యమైనా నా చెయ్యి ముందు ఏదో ఒక మేకు కోసమే వెతుకుతుంది. అప్పుడల్లా ఆ పలక మెత్తదనం నా బొటనవేలి కింద కదులుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, పుచ్చు ఎక్కడుందో చూడ్డానికి బిందె కోసం లేస్తాను.