బాతుగుడ్ల మీద కూర్చున్న పెట్ట

తాడేపల్లిగూడెం అవతల ఓ షెడ్డుంది. విమానంలో వచ్చిన పైదేశం కోడిపిల్లల్ని ముందు అక్కడ దింపుతారు. రక్తం తీసి, పరీక్ష చేసి, రోగం లేదని తేలేదాకా వేరే కోళ్లతో కలవనివ్వరు. క్వారంటైన్ అంటారు దాన్ని. మా ఆయన పోయాక, ఊడవడానికైనా పెట్టుకుంటారేమోనని అక్కడికి వెళ్లాను.

సూపర్‌వైజరు గారు మర్యాదగానే మాట్లాడారు. "ఇంట్లో కోళ్లున్నాయాండి?" అన్నారు.

"మా వైపు కోడి లేని ఇల్లుంటుందాండి."

"అయితే కుదరదండి. ఇక్కడ చేసేవాళ్లింట్లో కోడిగాని, బాతుగాని, చిలకగాని ఉండకూడదు. మీతోపాటు రోగం లోపలికొచ్చేస్తుంది."

"మా కప్పు మీద రోజూ కాకి వాలుతుందండి. దాన్నేం చెయ్యమంటారు?"

ఆయన నవ్వి, నా ఫోన్ నంబరు రాసుకున్నారు. నేను తిరుగు బస్సెక్కాను. కోళ్లని అమ్మేసి పనిలో చేరమని మా చెల్లెలు పోరింది. వినలేదు. అవి మా ఆయన ముదినేపల్లి నించి సైకిలు మీద తెచ్చిన పెట్ట సంతానం.

ఆ చలికాలం వాటిలో ఓ ఎర్రకోడిని, డేగపెట్ట అంటాం, బాతుగుడ్ల మీద పొదగేశాను. కొల్లేటి వైపు మేం అంతే చేస్తాం. బాతు గుడ్డు పెట్టేసి తన దారిన పోతుంది, కుదురుగా కూర్చోదు. కోడిపెట్ట ఆ గుడ్డు ఎవరిదని అడగదు, కూర్చుంటుంది. గంపలో వరిగడ్డి పరిచి, ఉరుములకి గుడ్లు చెడకుండా ఓ ఇనపముక్క పెట్టాను. పిల్లలైతే, కోతలయ్యాక చేలల్లో తోలి మేపుకుని, గుడ్లమ్ముకుని బతుకుదామని. నాకింకో ఆధారం లేదు.

ఇంతలో మా ఊరి చివర పెద్ద ఫారంలో కోళ్లు రాలిపోవడం మొదలైంది. ఫారం వాళ్లు ఎవరికీ చెప్పలేదు. చచ్చినవాటిని గోతాల్లో కట్టి కాలవలో వదిలారు. మేం గిన్నెలు తోముకునే కాలవ అది. ఓ గోతం రేవులో తట్టుకుని కంపు కొడితేగాని ఊరికి తెలియలేదు. ఓనరు టీకొట్టు దగ్గర నిలబడి, "అంతా కొల్లేటి పక్షులు తెచ్చిందే" అన్నాడు. తెచ్చాయో లేదో నాకు తెలీదు. గోతాల మూతులు కట్టింది మాత్రం పక్షులు కాదు.

ఆఫీసర్లు ఫారం చుట్టూ గీత గీశారు. గీత లోపల ఒక్క కోడి మిగలకూడదన్నారు. మా ఇల్లు లోపల పడింది. తెల్ల సూట్లు, ముసుగులు వేసుకుని వచ్చారు. అందులో పశువుల డాక్టరమ్మ, మా చెల్లెలి కూతురు ఈడుది.

"నా కోళ్లకి పరీక్ష చేశారా అమ్మా?" అన్నాను.

"గీత లోపల ఒక్కోదానికీ చెయ్యరండి. వదిలితే పక్క ఊరికి పాకుతుంది. మనుషులకీ ప్రమాదమే."

"విమానం దిగినవాటికి చేస్తారుగా."

"అది వేరండి."

రోగం పాకుతుందంటే కాదనను. కాలవలో గోతాలు వదిలినవాణ్ణి ఒక్కరూ నిలదీయలేదు, మా గుమ్మంలోకి మాత్రం ఇంతమంది వచ్చారు. నా మంట అదీ.

పెట్ట గంపలోంచి లేవలేదు. పట్టుకుని ఎత్తుతుంటే కూడా రెక్క కొట్టలేదు. కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల పిల్ల ముక్కుతో పొడుస్తోంది. ఆ గుడ్డు డాక్టరమ్మ చెవికి ఆనించాను.

"వినమ్మా. ఇవాళో రేపో పగులుతుంది. అంతదాకా ఆగండి."

"ముసుగులోకి వినపడదండి" అంది. గుడ్డు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని సంచిలో పెట్టింది. విసిరెయ్యలేదు, ఆ మాట చెప్పాలి. గంపని గడ్డితో సహా పెరట్లోనే తగలబెట్టారు.

గీత ఎత్తేశాక సూపర్‌వైజరు గారు ఫోన్ చేశారు. "మీ ఇంట్లో ఇప్పుడు కోళ్లు లేవటగా అండి. పనికి రావచ్చు" అన్నారు. శుభవార్త చెప్పినట్టే చెప్పారు.

"ఇప్పటికి లేవండి" అన్నాను. "మళ్లీ పెంచుకోవచ్చని డాక్టరమ్మ అనగానే తెచ్చుకుంటాను. మీ షెడ్డు మీరే ఊడ్చుకోండి."

బూడిదలో ఇనపముక్క దొరికింది. కడిగి దాచాను. గంప కొత్తది అల్లిస్తున్నాను.