'డ్రాప్' పక్కన ఒక చిన్న మాట

ఈ సంగతి నేనే రాసి పెట్టక తప్పడం లేదు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇది ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. ఒక కథలో నేను ఉద్యోగం పోయి బైక్ టాక్సీ నడిపానట. ఇంకో కథలో, కాబోయి కాకుండాపోయిన మామగారి దగ్గర కిరాయి పుచ్చుకున్నానట. (పుచ్చుకోలేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టారు, నేను వద్దన్నాను.) అబద్ధాలు ముదరకముందే నిజం చెప్పేస్తే, నవ్వేవాళ్ళు కనీసం సరైన చోట నవ్వుతారు.

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్ ఆఫీసులకు కంపెనీ క్యాబులే కాళ్ళుగా ఉన్న రోజుల్లో, 'డ్రాప్' మాకు ఇంగ్లీషు మాటలా అనిపించేది కాదు. పికప్ ఎన్నింటికి, డ్రాప్ ఎన్నింటికి అన్న రెండు ప్రశ్నల మధ్యే బతుకు నడిచేది. మెదక్ వైపు పల్లెలో ఉన్న మా అమ్మ కూడా ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అని అడగడం మానేసి "డ్రాప్ అయినవా బిడ్డా?" అని అడిగేది. నా ఇంగ్లీషు మాత్రం ఆఫీసులో అబ్బింది కాదు, మా మండల గ్రంథాలయంలోది. అట్టలేని ఒక వ్యాకరణ పుస్తకాన్ని మూడు వేసవులు చదివి సంపాదించుకున్నాను. ఏ కోచింగ్ సెంటర్ గడపా తొక్కలేదన్న గర్వం నా చొక్కా కాలరు మీద కనిపించేదని తోటివాళ్ళు అనేవారు. ఆ పుస్తకం పుణ్యమా అని నాకో సొంత సిద్ధాంతం కూడా ఏర్పడింది. ఇంగ్లీషు క్రియ కొత్త కోడలి లాంటిది, పక్కన ఏ చిన్న మాట చేరితే ఆ ఇంటిపేరు తనదవుతుంది. 'లుక్' పక్కన 'ఆఫ్టర్' చేరితే బాగోగులు చూసుకోవడం, 'ఇన్‌టూ' చేరితే విచారించడం, 'ఫర్' చేరితే వెతుక్కోవడం. అదే చూపు, ఇల్లు మారితే బుద్ధి మారుతుంది.

ఈ సిద్ధాంతానికి దొరికిన ఏకైక శిష్యురాలు, రోజూ మా క్యాబులో వచ్చే కూకట్‌పల్లి అమ్మాయి. వాళ్ళది కాకినాడ, స్థిరపడింది హౌసింగ్ బోర్డు కాలనీలో. నా హాస్టల్ వాళ్ళ వీధి దాటాక వచ్చేది కాబట్టి దారంతా మేమిద్దరమే, ముందు సీట్లో బండి నడిపే క్యాబ్ అన్న. ఫోన్‌లో విదేశీ కస్టమర్లతో మాట్లాడే పని ఆమెది, వాళ్ళకు ఉత్తరాలు రాసే పని నాది. ఇంగ్లీషు నాకంటే ఆమె నోట బాగా ఆడేది. అయినా నన్ను అడిగేది. ఎందుకు అడిగేదో అప్పుడు ఆలోచించలేదు, అడుగుతోంది కదా అని చెప్పేవాణ్ణి.

"'లుక్ అప్ టు' అంటే ఏంటండీ, తలెత్తి చూడ్డమా?" అంది ఒకరోజు, రైలు వంతెన కింద బండి కదలకుండా ఆగిపోయినప్పుడు.

"గౌరవించుడు అండీ. పెద్దోళ్ళ దిక్కు తలెత్తే చూస్తం కదా."

"అయితే మీరు ఇంత పొడుగు కదా, నేను రోజూ చేసేది అదేనన్నమాట."

ఆ రోజు హాస్టల్‌లో నాకు అన్నం సహించలేదు. ట్రాఫిక్ జామ్ కోసం దేవుడికి మొక్కుకున్నవాడు ఈ నగరంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఒక శుక్రవారం, బండి దిగుతూ దిగుతూ తలుపు పట్టుకుని, "ఆదివారం పదకొండింటికి డ్రాప్ ఇన్ అవుతారా? నాన్నగారు కూడా ఉంటారు" అంది. తప్పకుండా అన్నాను. 'డ్రాప్' గురించి నా పుస్తకంలో లేదు. కానీ సిద్ధాంతం ఉన్నవాడికి పుస్తకం దేనికి? 'డ్రాప్ ఆఫ్' అంటే బండిలోంచి దించడం. కనుక 'డ్రాప్ ఇన్' అంటే బండిలోకి ఎక్కించుకోవడం. ఆదివారం ఆఫీసు క్యాబులుండవు, పాపం ఎక్కడికో వెళ్ళాలి కాబోలు. నాన్నగారు కూడా ఉంటారంటే ఒక్క బైకు మీద ముగ్గురం ఎలా అన్నదొక్కటే నన్ను శనివారమంతా వేధించిన సమస్య.

ఆదివారం పదకొండు కొట్టకముందే, రూమ్మేట్ పొట్టి శీను బండి మీద, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో రెండో హెల్మెట్‌తో వాళ్ళ గేటు ముందు నిలబడ్డాను. లోపలికి వెళ్ళడం మర్యాద కాదనుకున్నాను. పైన బాల్కనీలోంచి వాళ్ళమ్మగారు తొంగిచూసి, "ఏమండీ! బైక్ టాక్సీ అబ్బాయి వచ్చాడు, మీరేనా బుక్ చేసింది?" అని కేకేశారు. కాసేపటికి చేతిసంచితో వాళ్ళ నాన్నగారు దిగి వచ్చారు.

"నేను బుక్ చేయలేదే, ఎవరు పిలిచారు బాబూ?"

"మీ అమ్మాయిగారే రమ్మన్నరండీ."

"అదా! తండ్రి ఎండలో నడుస్తాడని ముందే చూసుకుంది. బంగారం!" అంటూ ఎక్కి కూర్చున్నారు. "రైతు బజారుకి పోనీ."

ఆమె కోసం మెట్ల వైపు చూశాను. ఎవరూ రాలేదు. 'నాన్నగారు కూడా' అంటే 'నాన్నగారు మాత్రమే' అని అర్థం చేసుకుని బండి తీశాను. "అమ్మాయిగారు రారాండీ?" అని ఉండబట్టలేక అడిగాను.

"అది వంటింట్లోంచి కదిలితే గదా! వాళ్ళ ఆఫీసు అబ్బాయెవరో భోజనానికొస్తున్నాడట. ఎప్పుడూ ఎవర్నీ పిలవని పిల్ల. వాళ్ళమ్మేమో గుత్తి వంకాయ చెయ్యాలి, లేత కాయలు తెమ్మంది. జాగ్రత్త బాబూ, గుంత!"

గుంతలోనే పడ్డాను. ఎవడా అదృష్టవంతుడు? మా టీమ్‌లో గిటార్ వాయించేవాడా? మూడో అంతస్తులో కళ్ళద్దాలవాడా? ఒక్కొక్కణ్ణే తలుచుకుని ద్వేషిస్తూ, ఆ భాగ్యశాలి తినబోయే వంకాయల కోసం నేనే బండి నడుపుతున్నానని కుమిలిపోయాను.

"ఏం చదివావు బాబూ?"

"డిగ్రీ అండీ."

"పాపం" అన్నారాయన, భుజం తట్టి. దిగాక, "ఐదు స్టార్లూ ఇమ్మని అమ్మాయికి చెబుతాలే" అని గుంపులో కలిసిపోయారు.

చెట్టు నీడన బండి ఆపి ఆమెకు మెసేజ్ పెట్టాను: "డ్రాప్ అయిపోయిందండి." చాలాసేపటికి జవాబొచ్చింది: "అయ్యో. సరేనండి." ఆ 'అయ్యో' నా శ్రమకు జాలి అనుకున్నాను. కార్యక్రమాన్ని మానుకున్నా మన ఊళ్ళో డ్రాప్ అయిందనే అంటారని నాకు తట్టలేదు.

సోమవారం ఆమె సెలవు. మంగళవారం క్యాబులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. రైలు వంతెన దగ్గర మాత్రం ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టుగా, "ఆదివారం మా ఇంట్లో ఒక విచిత్రం జరిగిందండీ. నేను బుక్ చెయ్యకుండానే నాన్నగారికి నా పేరు చెప్పి ఎవరో బైక్ అబ్బాయి..." అని నా వైపు తిరిగి ఆగిపోయింది. నా మొహంలో ఏం కనబడిందో గాని, కళ్ళు పెద్దవి చేసి, "మీరా?" అంది. తలూపాను. "డ్రాప్ ఇన్ అన్నరు కదండీ..." అన్నాను.

నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంట్లోకి రమ్మన్నానండీ బాబూ! ఊరికే, అలా వచ్చి వెళ్ళమని!"

క్యాబ్ అన్న అద్దంలోంచి నన్ను చూసి, "ఏందన్నా, పిల్ల ఇంటి దాకా పోయి మామను ఎక్కించుకుని వచ్చినవా?" అన్నాడు.

ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది. కాసేపు చున్నీ అంచు సర్దుకుంది. "మీరు రావట్లేదనుకున్నానండీ" అంది మెల్లగా. "నాన్నగారు ఎప్పట్నుంచో ఒక సంబంధం గురించి అడుగుతున్నారు. ఆదివారం దాకా ఆగమన్నాను. సాయంత్రం సరే అనేశాను. నిన్న వాళ్ళు వచ్చి చూసుకుని వెళ్ళారు. మాటిచ్చేశారు."

"ఇంకోసారి పిలుస్తరా అండీ" అనాలని ఉంది. అనలేదు. జీవితంలో మొదటిసారి వంతెన కింద దారి వెంటనే ఖాళీ అయింది.

ఆమె తర్వాతి నెలలోనే ఉద్యోగం మానేసింది. నేను ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటున్నాను. ఎవరైనా ఇంటికి రమ్మంటే, మళ్ళీ ఒకసారి అడిగి, దేనికి రమ్మంటున్నారో నిర్ధారించుకుని వెళ్తాను. రెండు హెల్మెట్లతో ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ పొడుగు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. గేటు తీసే ఉందిరా నాయనా, రెండంతస్తులు మెట్లెక్కితే చాలు.

ఈ నాలుగు మాటలు రాయడానికి తోడ్పడినవాళ్ళకు కృతజ్ఞతలు: బండి ఇచ్చి పెట్రోలు సంగతి ఎత్తని పొట్టి శీనుకు, ఆ రోజు తర్వాత నెల రోజులు పాటలు పెట్టకుండా బండి నడిపిన క్యాబ్ అన్నకు, నా డిగ్రీకి జాలిపడిన కూకట్‌పల్లి పెద్దాయనకు, నా కోసమని తెలియకుండానే నా కోసం వండిన ఆ అమ్మగారికి. చివరగా, పేరు రాయకూడని ఆమెకు. అంత చిన్న మాటతో పిలిచినా నాకు అర్థమవుతుందని నమ్మినందుకు.