ఫ్యాను వెనక దోపిన గుడ్డ

మెకానిక్ కంప్యూటర్ పెట్టెను గోడ దగ్గర నుంచి ముందుకు జరిపి, వెనకవైపు వంగి చూశాడు. తర్వాత చెయ్యి పెట్టి ఒక గుడ్డను బయటికి లాగాడు. గళ్ల లుంగీ చింపిన ముక్క. దాన్ని మడతలు పెట్టి, లోపలి వేడిని బయటికి తోసే ఫ్యాన్ల జాలీకి అడ్డంగా పరిచి, జారిపోకుండా అంచును కరెంటు తీగ వెనక దోపి ఉంచారు. దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుపోయింది.

"ఇది దానంతట అది వచ్చి కూర్చునేది కాదు సార్" అన్నాడు.

గదిలో నలుగురం ఉన్నాం. నేను, మెకానిక్, కడప ఆఫీసు నుంచి విచారణకు వచ్చిన మేనేజరు, ఆ కంప్యూటర్ మీద పనిచేసే ఆపరేటరమ్మాయి. ఆమె ఉద్యోగం ఉంచాలా తీసెయ్యాలా తేల్చడానికే మేనేజరు వచ్చాడు. గుడ్డ బయటపడగానే నేను మనుషుల ముఖాలు చూశాను. పత్రికలో పనిచేసి పనిచేసి వచ్చిన అలవాటు. ఆ రోజు ఏ ముఖంలోనూ ఏమీ దొరకలేదు.

ఇది రెండువేల దశకం మొదట్లో సంగతి. ఎర్రగుంట్లలో మా పత్రికకు ఒక గది ఆఫీసు ఉండేది. కింద ఇంటి ఓనరు శెట్టిగారి సిమెంటు దుకాణం, మీద మేము. చుట్టుపక్కల మండలాల విలేకరులు చేత్తో రాసి పంపిన వార్తలను ఆ అమ్మాయి టైపు చేసి ఫోను లైను మీద కడపకు పంపేది. సాయంత్రం ఆరు దాటితే జిల్లా పేజీలో చోటుండేది కాదు. ఎంత పెద్ద వార్తయినా మర్నాటికి చద్దన్నమే.

ఆమె దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. చర్చి బడిలో చదివి, కడపలో టైపు నేర్చుకుంది. తండ్రి కూలి పనికి పోయేవాడు, అన్న సిమెంటు లారీ తోలేవాడు. నెల తిరగ్గానే జీతం వస్తుందని నమ్మకంగా చెప్పగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. మాట తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పి మళ్లీ తెర వైపు తిరిగేది.

ఎండలు ముదిరాక కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైంది. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటుంది. అది అరిచేది కాదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది, ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది, కంప్యూటర్ ఒక్కటే గుటుక్కుమనేది. మళ్లీ వేస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగేది. బాగా చల్లబడితే తప్ప దారికొచ్చేది కాదు. ఆలోగా ఆరు దాటిపోయేది.

అంతవరకైతే యంత్రం గొడవే అనుకుందుము. కానీ ఆ రోజుల్లోనే నేనొక పెద్ద కథనం రాస్తున్నాను. ఒక సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము పడి చుట్టూ పొలాలు ఎలా బూడిదరంగుకు తిరుగుతున్నాయో పల్లెలు తిరిగి చూసి రాసింది. ఆ అమ్మాయి దాన్ని టైపు చేయడానికి కూర్చున్నప్పుడల్లా కంప్యూటర్ ఆగింది. పెళ్లి రోజులు, సంతాపాలు, వార్డు సమావేశాలు మాత్రం ఏ అడ్డూ లేకుండా కడప చేరేవి.

"ఎవరో ఆపుతున్నారండీ" అన్నాడు మేనేజరు ఫోనులో. "ఆ అమ్మాయి అన్న ఎవరి సిమెంటు తోలుతున్నాడో కనుక్కున్నారా?"

ఆ ప్రశ్న అప్పటికే నా బుర్రలో ఉంది. ఆమె టైపు చేస్తుంటే పేపరు అడ్డం పెట్టుకుని, కాలు స్విచ్చుబోర్డు వైపు పోతుందేమోనని చూసేవాణ్ణి. ఒకసారి నా చూపు పట్టేసింది.

"ఏంది సార్, నా కాళ్ల కాడ ఏం చూస్తాండారు?"

"ఏం లేదమ్మా. ప్లగ్గు వదులుగా ఉందేమోనని."

"ప్లగ్గు బాగానే ఉండాది. కాళ్లు కుర్చీ మీద పెట్టుకోని కొడతా, చూసుకోండి."

నిజంగానే కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నమూ కంప్యూటర్ ఆగింది. కాళ్లు కాకపోతే మరేదో ఉందనుకున్నానే తప్ప, నా అనుమానం తగ్గలేదు.

అది శెట్టిగారి మీదికి కూడా పాకింది. ఆఫీసు తాళంచెవి నా దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి, ఆయన దగ్గర ఒకటి ఉండేవి. ఆయన దుకాణంలో అమ్మేది ఆ ఫ్యాక్టరీ సిమెంటే. ఒకరోజు మజ్జిగ చెంబుతో మెట్లెక్కి వచ్చాడు.

"ఏం సారూ, ఫ్యాక్టరీ మీద రాస్తాండారంట?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరన్నా చెప్పాల్నా? మీరు ఫోన్లో మాట్లాడితే నా గల్లాపెట్టె కాడికి ఇనపడతాది. రాయండి రాయండి. దుమ్ము నాకు మాత్రం చక్కెర మాదిరి ఉండాదా?"

నవ్వుతూ దిగిపోయాడు. ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు.

ప్రొద్దుటూరు నుంచి మెకానిక్‌ను అంతకుముందే ఒకసారి పిలిపించాం. అప్పుడతను పెట్టె పక్కరేకు ఊడదీసి, వేడెక్కుతోందని చెప్పి, రేకు లేకుండానే వదిలేసి టేబుల్ ఫ్యాను పెట్టుకోమన్నాడు. పెట్టాం. వారం తిరిగేసరికి లోపల భాగాలన్నీ విభూతి పూసుకున్నట్టు తయారయ్యాయి. మళ్లీ రేకు బిగించాం. పెట్టె మూలకు, గోడకు ఆనుకుని ఉండేది కాబట్టి వెనక్కు ఎవరూ తొంగి చూడలేదు. రెండోసారి, మేనేజరు ముందర, అతను చూశాడు.

గుడ్డ బల్ల మీద పెట్టి మెకానిక్ వివరించాడు. పెట్టె ముందు కిందివైపు నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక పైనుంచి వేడిగాలి బయటికి పోవాలి. "పొయ్యి అంటించి పొగగూడు మూస్తే ఎట్లుంటాది సార్? అట్లే." చిన్న వార్తలకు కాసేపు పని, కాసేపు విరామం. పెద్ద కథనానికి గంటలకొద్దీ ఏకబిగిన నడవాలి. అప్పుడే వేడి తట్టుకోలేక ఆగేది. కథనానికీ ఆగడానికీ ఉన్న సంబంధం అంతే.

కానీ గుడ్డ ఎవరు పెట్టారు? బయటివాళ్లకు ఇది పెద్ద నేరంగా కనిపిస్తుంది. ఆ ఊళ్లో కన్నం కనబడితే గుడ్డ దోపడం బిడ్డకు దిష్టిచుక్క పెట్టినంత మామూలు. ఫ్యాక్టరీ వైపు కిటికీ సందుల్లో, వెంటిలేటర్లలో, తలుపు కింద, అన్నిచోట్లా పాత లుంగీలూ గోనెపట్టాలే. మేలు చేద్దామనుకున్నవాడూ కీడు చేద్దామనుకున్నవాడూ సరిగ్గా ఒకే పని చేస్తారు. గళ్ల లుంగీ లేని ఇల్లా? మా ఇంట్లోనే రెండున్నాయి.

సందడి విని శెట్టిగారు పైకి వచ్చాడు. గుడ్డ చూసి, "మా టీవీ ఎనక కూడా ఇట్లే పెట్టుకున్నాం. ఈడ మాత్రం నేను పెట్టలేదప్పా" అన్నాడు. అప్పటికి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మేనేజరు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "దుమ్మొస్తుందని నువ్వే పెట్టి ఉంటావమ్మా. తెలియక పెట్టానని రాసివ్వు. ఇంతటితో వదిలేస్తాం."

"నేను పెట్టలేదు సార్."

"ఒక్క ముక్క రాస్తే ఉద్యోగం నిలుస్తుంది."

"చెయ్యని పని చేసినానని యాడన్నా రాస్తారా సార్?"

"అయితే ఇంకెవరో కావాలని పెట్టినట్టు. తాళంచెవి ఎవరెవరి దగ్గరుందో చూడాల్సొస్తుంది."

"చూడండి. నా కాడ ఉండాది. శెట్టిగారి కాడ ఉండాది. ఈ సార్ కాడా ఉండాది."

మేనేజరు నా వైపు చూశాడు. నెలరోజులుగా నేను ఆ అమ్మాయిని చూసిన చూపే అది.

విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసుకు రావద్దని ఆమెకు చెప్పాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి, అన్నం క్యారియరు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

పెట్టెను గోడకు జానెడు ఎడంగా జరిపాం. ముందు జాలీని వారానికోసారి బ్రష్షుతో దులిపేవాళ్లం. ఆ ఎండాకాలం కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. నా కథనం సగానికి కుదించి లోపలి పేజీలో వేశారు.

"చూశారా, ఆ అమ్మాయి పోయాక ఒక్కసారన్నా ఆగిందా?" అన్నాడు మేనేజరు ఫోనులో.

"గుడ్డ తీసేశాం కదండీ, అందుకు."

"గుడ్డా, ఆ అమ్మాయీ ఒకే రోజు పోయారు. దేనివల్ల బాగుపడిందో మీరెలా చెప్పగలరు?"

కొత్త ఆపరేటరు వచ్చాడు. ఆమె ప్రొద్దుటూరులో ఒక జిరాక్సు సెంటరులో టైపు చేస్తోందని తర్వాత మెకానిక్ చెప్పాడు. ఆమెను తీసేసినట్టు కడప నుంచి ఏ ఉత్తర్వూ రాలేదు, తప్పు లేదని తేలినట్టూ రాలేదు. ఆ విచారణ పూర్తయిందని ఇప్పటివరకూ ఎవరూ చెప్పలేదు, ఆమెకూ, నాకూ.